రాలిన ఆకు పొయ్యికా, పాదుకా? ఎండుటాకుల పెల్లెట్ల వినియోగంపై ఒక పరిశీలన

ప్రస్తావన

హైదరాబాద్ పాతబస్తీకి ఆగ్నేయ దిశలో ఉన్న సంతోష్‌నగర్‌లో శిశిర ఋతువు మొదలుకొని ఉగాది వరకు వేప, కానుగ, రావి, నిద్రగన్నేరు, తురాయి వంటి చెట్ల ఆకు విరివిగా రాలుతుంది. నగరంలోని ఇతర కాలనీలలో వలెనే ఇక్కడ కూడా ఊడ్చి కుప్పవేసిన ఆకు చెత్త బండికి ఎక్కుతుంది, లేదా మురుగు కాలువలో చేరుతుంది, లేదా వీధి మూలన కాలిపోతుంది. ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు, 2016 వ్యర్థాలను బహిరంగంగా కాల్చడాన్ని నిషేధించాయి. తోట వ్యర్థాలను విడిగా నిల్వ చేయాలని నిర్దేశించాయి. అదే సంవత్సరం డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగ దహనానికి 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో కాల్చితే 25,000 రూపాయలు చెల్లించాలని ఆదేశించింది. కాల్చరాదన్న సంగతి స్పష్టమే. కాల్చని ఆకును ఏమి చేయాలన్నది మాత్రం నేటికీ చర్చనీయాంశంగానే ఉన్నది.

చలి దేశాలలో కలప పొట్టును ఒత్తి తయారుచేసిన పెల్లెట్లతో ఇళ్లను వెచ్చబరుస్తారు. 1970వ దశకంలోని చమురు సంక్షోభం తరువాత ఈ పద్ధతి ఉత్తర అమెరికాలోను, ఐరోపాలోను వ్యాపించింది. కలప పొట్టుకు బదులు రాలిన ఆకును వాడవచ్చునా అన్న ప్రశ్న అక్కడి నుంచి వచ్చినదే. ఈ ప్రశ్నను సంతోష్‌నగర్ నేపథ్యంలో పరిశీలించడానికి ఒక ప్రత్యేక కారణం ఉన్నది. భారత వ్యవసాయ పరిశోధనా మండలికి చెందిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ (క్రీడా) 1985 నుంచి పనిచేస్తున్నది ఇక్కడే. చెట్ల ఆకును, కొమ్మలను, పంట వ్యర్థాలను తిరిగి నేలకు చేర్చే పద్ధతులు ఆ సంస్థ పరిశోధనలలో ముఖ్యమైన భాగం. కనుక ఆకును ఇంధనంగా చూసే దృష్టిని, ఎరువుగా చూసే దృష్టిని పక్కపక్కన ఉంచి తూచడానికి ఇది తగిన స్థలం.

ఇంటికి కావలసిన వేడి ఎంత?

చలి దేశాలలో పెల్లెట్లతో వెచ్చబరచుకునే ఒక ఇంటికి ఒక శీతాకాలంలో సుమారు 3 నుంచి 5 టన్నుల పెల్లెట్లు ఖర్చవుతాయి. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరి మాసాల కనిష్ఠ ఉష్ణోగ్రత సగటున 15 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది. పగటి ఉష్ణోగ్రత 28 డిగ్రీల వరకు చేరుతుంది. గదులను వెచ్చబరచవలసిన అవసరం ఇక్కడ లేదు. ఇంట్లో వేడి కావలసినది వంటకు, స్నానపు నీళ్లకు మాత్రమే. వంటకు గ్యాస్ ఉన్నది కాబట్టి, మిగిలేది నీళ్లు కాగబెట్టడం.

దీనిని లెక్కగట్టడం సులభం. బకెట్‌కు 20 లీటర్ల నీటిని 22 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు పెంచడానికి 400 కిలో కేలరీలు కావాలి. ఆకు పెల్లెట్ల నికర ఉష్ణ విలువ కిలోకు 3,500 కిలో కేలరీలు అనుకుందాము. పొయ్యి, బాయిలర్ కలిసి అందులో 30 శాతాన్ని నీటికి చేర్చగలిగితే ఉపయోగపడేది 1,050 కిలో కేలరీలు. అంటే ఒక బకెట్‌కు సుమారు 0.4 కిలో పెల్లెట్లు అవసరం. ఐదుగురు ఉన్న కుటుంబానికి రోజుకు 2 కిలోలు, 90 రోజుల చలికాలానికి 180 కిలోలు సరిపోతాయి. చలి దేశపు ఇంటి వాడకంతో పోల్చితే ఇది సుమారు పదిహేడో వంతు లేదా అంతకన్నా తక్కువ. ఇక్కడ ప్రశ్న పరిమాణానికి సంబంధించినది కాదు, ఆకు ఈ పనికి తగినదా, ఇంతకన్నా మేలైన పని దానికి ఉన్నదా అన్నదే.

ఇంధనంగా ఆకు లక్షణాలు

ఎండుటాకు ఉష్ణ విలువ తక్కువేమీ కాదు. బాగా ఆరిన ఆకు కిలోకు 3,500 నుంచి 4,200 కిలో కేలరీల వేడినిస్తుంది. ఇది ఎండు కట్టెకు కొంచెం తక్కువ. లోపాలు వేరే మూడు చోట్ల ఉన్నాయి.

మొదటిది సాంద్రత. వదులుగా ఉన్న ఎండుటాకు ఘనపు మీటరుకు సుమారు 50 కిలోలు మాత్రమే తూగుతుంది. 180 కిలోల ఆకుకు దాదాపు 4 ఘనపు మీటర్ల చోటు కావాలి. అదే ఆకును పెల్లెట్లుగా ఒత్తితే ఘనపు మీటరుకు 600 కిలోలు తూగి, 0.3 ఘనపు మీటరులో ఇముడుతుంది. ఇరుకు ఇళ్లకు, రవాణాకు పెల్లెట్ చేసే ప్రధానమైన మేలు ఇదే.

రెండవది బూడిద. బెరడు లేని కలపలో బూడిద 1 శాతంలోపు ఉండగా, చెట్ల ఆకులో సాధారణంగా 5 నుంచి 15 శాతం వరకు ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 17225 ప్రకారం గృహ వినియోగానికి తగిన మొదటి శ్రేణి కలప పెల్లెట్లలో బూడిద 0.7 శాతానికి మించరాదు. కలపేతర పెల్లెట్లకు అదే ప్రమాణంలోని ఆరవ భాగం ఎ శ్రేణికి 6 శాతం, బి శ్రేణికి 10 శాతం హద్దు విధించింది. శుభ్రమైన ఆకు బి శ్రేణిలో ఇమడవచ్చును. రోడ్డు మీద ఊడ్చిన ఆకు ఇమడదు, ఎందుకంటే దానితోపాటు ఇసుక, దుమ్ము వస్తాయి. ఆకులోని సొంత బూడిదలో ఎక్కువ భాగం కాల్షియం. అది అధిక ఉష్ణోగ్రత వద్ద కూడా తేలికగా కరగదు. ఇసుకలోని సిలికా ఆకులోని పొటాషియంతో కలిసినప్పుడు మాత్రం తక్కువ ఉష్ణోగ్రతకే మెత్తబడి, చల్లారిన తరువాత చిట్టెం గడ్డలుగా మారి పొయ్యి గాలి రంధ్రాలను మూసివేస్తుంది. ఆకు పెల్లెట్లపై వినవచ్చే ఫిర్యాదులలో చాలా వరకు ఆకువి కావు, ఇసుకవి.

మూడవది నత్రజని. కలపలో నత్రజని 0.3 శాతంలోపు ఉంటుంది. రాలిన ఆకులో 1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఇది మండినప్పుడు కొంత భాగం నత్రజని ఆక్సైడ్లుగా గాలిలో కలుస్తుంది. ఇంధనానికి ఇది దోషం, ఎరువుకు ఇదే గుణం.

తయారీ విధానం

ఆకును మొదట జల్లించి మట్టిని, రాళ్లను, ప్లాస్టిక్‌ను వేరుచేయాలి. తేమ 10 నుంచి 15 శాతానికి దిగేవరకు ఎండలో ఆరబెట్టాలి. హైదరాబాద్‌లో ఫిబ్రవరి, మార్చి మాసాల ఎండ ఇందుకు చాలు. తరువాత హామర్ మిల్లులో 3 నుంచి 5 మిల్లీమీటర్ల పరిమాణానికి పొడి చేసి, 6 లేదా 8 మిల్లీమీటర్ల రంధ్రాలున్న డై గుండా రోలర్లతో ఒత్తాలి. ఒత్తిడి, ఘర్షణల వల్ల పుట్టే వేడికి ఆకులోని లిగ్నిన్ మెత్తబడి సహజమైన జిగురుగా పనిచేస్తుంది. చల్లారగానే పెల్లెట్ గట్టిపడుతుంది. తేమ మరీ తక్కువైతే పొడి అతకదు, ఎక్కువైతే ఆవిరి పెల్లెట్‌ను పగలగొడుతుంది.

ఆకు ఉపరితలంపై ఉండే మైనపు పొర అతుకును బలహీనపరుస్తుంది. అందుచేత ఆకు పొడికి రంపపు పొట్టును గానీ, పొడిచేసిన కంది, పత్తి కట్టెను గానీ కలిపితే పెల్లెట్ గట్టిగా వస్తుంది, బూడిద శాతం కూడా తగ్గుతుంది. పొడి చేయడానికి, ఒత్తడానికి కలిపి టన్నుకు 100 నుంచి 150 యూనిట్ల విద్యుత్తు ఖర్చవుతుందనుకున్నా, అది పెల్లెట్లలోని శక్తిలో 4 శాతంలోపే. కనుక యంత్రం తినే విద్యుత్తు అడ్డంకి కాదు. అసలు ఖర్చు ఊడ్చడం, జల్లించడం, ఆరబెట్టడం, ఇసుకకు అరిగిపోయే డైలను మార్చడంలో ఉన్నది.

పొగ పుట్టే చోటు

ఆకు కుప్పకు నిప్పు పెట్టినప్పుడు మంట కన్నా పొగ ఎక్కువగా రావడానికి కారణం గాలి అందకపోవడం. కుప్ప లోపల వేడికి ఆకు విచ్ఛిన్నమై మండగల వాయువులను వదులుతుంది. వాటికి తగినంత ప్రాణవాయువు, వేడి అందవు. ఫలితంగా అవి కార్బన్ మోనాక్సైడ్, తారు, సూక్ష్మ ధూళి కణాల రూపంలో బయటికి వస్తాయి. పెల్లెట్ పొయ్యిలో గాలిని రెండు దశలలో అందిస్తారు. అడుగు నుంచి కొద్దిపాటి గాలి పెల్లెట్లను వాయువుగా మారుస్తుంది. పైభాగంలో అందే రెండవ గాలి ఆ వాయువును పూర్తిగా మండిస్తుంది. పొగ తగ్గడానికి కారణం పెల్లెట్ ఒక్కటే కాదు, ఒకే పరిమాణం గల పెల్లెట్, దానికి తగిన పొయ్యి కలిసి ఆ ఫలితాన్నిస్తాయి.

ఈ విషయాన్ని వినియోగదారులకు నొక్కి చెప్పాలి. పెల్లెట్లను కుంపటిలో పోసి తలుపులు మూసిన గదిలో వెచ్చదనం కోసం వెలిగించడం ప్రాణాంతకం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారికి ప్రమాదం తెలిసే అవకాశమే ఉండదు. బాయిలర్‌కు కూడా పొగగొట్టం, ఆరుబయటి చోటు తప్పనిసరి. గుట్కా పొట్లాలు, క్యారీబ్యాగులు కలిసిన ఆకును ఏ పొయ్యిలోనూ కాల్చరాదు. క్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ మండితే డయాక్సిన్ల వంటి విషపదార్థాలు వెలువడతాయి.

భారతీయ అనుభవం

ఇళ్లలో పెల్లెట్ పొయ్యిలు వాడిన అనుభవం మన దేశంలో ఇప్పటికే ఉన్నది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ సహకారంతో రూపొందిన ‘ఊర్జా’ పొయ్యి 2006లో మార్కెట్‌లోకి వచ్చింది. చిన్న ఫ్యాన్ అమర్చిన ఈ పొయ్యి పంట వ్యర్థాల పెల్లెట్లతో పనిచేసేది. మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలలో లక్షల కుటుంబాలకు చేరింది. పొగ తక్కువ, వంట వేగం ఎక్కువ అన్న మెప్పు దానికి లభించింది. అయితే వ్యవసాయ వ్యర్థాలకు ఇతర పరిశ్రమల నుంచి గిరాకీ పెరిగి ముడిసరుకు ధర హెచ్చింది. దానితో పెల్లెట్ల ధర కూడా హెచ్చగా, గృహ వినియోగం క్షీణించి వ్యాపారం హోటళ్లు, క్యాంటీన్ల వైపు మళ్లింది. పొయ్యి సాంకేతికంగా నెగ్గినా, ఇంధన సరఫరా గొలుసు నిలవలేదు.

నేడు ఆ గిరాకీ మరింత పెరిగింది. బొగ్గు విద్యుత్ కేంద్రాలలో బొగ్గుతోపాటు 5 శాతం జీవ ఇంధన పెల్లెట్లను కలిపి మండించాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో సవరించిన విధానంలో పేర్కొన్నది. పరిశ్రమతో పోటీపడి తక్కువ ధరకు పెల్లెట్లు కొనడం గృహస్థునికి సాధ్యం కాదు. తన ప్రాంగణంలో రాలిన ఆకును తానే వాడుకున్నప్పుడు మాత్రమే అతనికి లెక్క కుదురుతుంది.

నేల ఖాతాలో ఆకు

ఆకు రాల్చే ముందు చెట్టు తన పొదుపు తాను చేసుకుంటుంది. ఆకులోని నత్రజని, భాస్వరాలలో సుమారు సగాన్ని కొమ్మలలోకి వెనక్కి తీసుకుని, మిగిలినదానితో ఆకును విడుస్తుంది. అందుకే పచ్చి కానుగ, వేప ఆకుల్లో దాదాపు 3 శాతం ఉండే నత్రజని రాలిన ఆకులో అంత ఉండదు. కాల్షియం మాత్రం ఆకులోనే మిగిలిపోతుంది. రాలిన ఆకులో నత్రజని 1 శాతం, కర్బనం 45 శాతం అనుకుంటే, చలికాలానికి కావలసిన 180 కిలోల ఆకులో 1.8 కిలోల నత్రజని, 81 కిలోల కర్బనం ఉంటాయి. కాల్చినప్పుడు కర్బనం, నత్రజని దాదాపు పూర్తిగా, గంధకం చాలా వరకు గాలిలో కలుస్తాయి. బూడిదలో పొటాషియం, కాల్షియం, భాస్వరం మిగులుతాయి.

రూపాయల లెక్కలో చూస్తే పొయ్యిదే పైచేయి. 1.8 కిలోల నత్రజని 4 కిలోల యూరియాకు సమానం. 45 కిలోల బస్తా 266.50 రూపాయలకు దొరికే యూరియాలో దాని విలువ పాతిక రూపాయలు కూడా ఉండదు. అదే 180 కిలోల పెల్లెట్లు కాచే 450 బకెట్ల నీటిని హీటరుతో కాచడానికి సుమారు 230 యూనిట్ల విద్యుత్తు కావాలి. పెల్లెట్ తయారీకి అయ్యే 27 యూనిట్లు తీసివేసినా 200 యూనిట్లు ఆదా. యూనిట్‌కు 5 రూపాయల చొప్పున వెయ్యి రూపాయలు. ఊడ్పు, జల్లింపు, యంత్రం అద్దె ఇందులో ఎక్కువ భాగాన్ని మింగివేసినా, నత్రజని విలువ ఒక్కటే చూపి ఆకును కాల్చవద్దని చెప్పడం నిలబడని వాదన.

నిలబడే వాదన వేరే ఉన్నది. వేడికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి, సేంద్రియ కర్బనానికి లేవు. నలుగురైదుగురి స్నానపు నీటిని మిద్దెపై అమర్చిన 100 లీటర్ల సౌర హీటరు పొగ లేకుండా అందిస్తుంది. నేలలో సేంద్రియ కర్బనాన్ని బస్తాలో కొనలేము. అది ఆకు, వేరు, పేడ, కంపోస్టు ద్వారానే చేరాలి. సేంద్రియ కర్బనం 0.5 శాతం కన్నా తక్కువ ఉన్న నేలను మన భూసార పరీక్షలు ‘తక్కువ’ తరగతిలో చేరుస్తాయి. తెలంగాణ చల్కా నేలలలో చాలా భాగం ఈ కోవలోనివే. ఈ నేలల్లో నీటిని పట్టి ఉంచే శక్తి, పైపొర గట్టిపడకుండా ఉండే గుణం, వేసిన యూరియా నిలిచే తీరు, ఇవన్నీ సేంద్రియ పదార్థంపైనే ఆధారపడతాయి. క్రీడా శాస్త్రవేత్తలు హయత్‌నగర్ క్షేత్రంలో గట్ల మీద గిరిపుష్పం పెంచి, దాని ఆకును పొలానికి చేర్చే పద్ధతిని అధ్యయనం చేయడంలోని ఆంతర్యం ఇదే. ఒకచోట ఆకు కోసం గట్ల మీద చెట్లు నాటుతుండగా, మరొకచోట చెట్టు ఉచితంగా ఇచ్చిన ఆకును తగలబెట్టడం వనరుల నిర్వహణలోని లోపమే.

అయితే ఎండుటాకును నేరుగా దున్ని కలపడం సరికాదు. దాని కర్బన-నత్రజని నిష్పత్తి 40 నుంచి 80 వరకు ఉంటుంది. దానిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తాత్కాలికంగా తమ శరీరాలలో బంధించుకోవడంతో పైరు పసుపుబారుతుంది. చెట్ల పాదుల్లో పైపొరగా పరచడం, లేదా పేడ, వంటింటి వ్యర్థాలు, పచ్చి రొట్టతో కలిపి నిష్పత్తిని 30 దరిదాపులకు తెచ్చి కంపోస్టు చేయడం తగిన మార్గాలు. తేమను 50 నుంచి 60 శాతం మధ్య ఉంచి, 15 నుంచి 20 రోజులకొకసారి తిరగవేస్తే 3 నుంచి 4 మాసాల్లో కంపోస్టు సిద్ధమవుతుంది. మార్చి తరువాతి ఎండలకు కుప్ప త్వరగా ఆరిపోతుంది కాబట్టి నీడలో, గుంత పద్ధతిలో చేయడం మేలు.

ఏ ఆకు ఎటు వెళ్లాలి?

పై వివరాల దృష్ట్యా రాలిన ఆకును ఒకే రాశిగా కాక మూడు తరగతులుగా చూడాలి.

ఇళ్లు, పాఠశాలలు, పార్కులు, సంస్థల ప్రాంగణాలలో మట్టి, ప్లాస్టిక్ కలవకుండా దొరికే ఆకు మొదటి తరగతి. ఇది పాదులకు, కంపోస్టు గుంతకు వెళ్లాలి. ఇంధనంగా వాడడానికి అన్నిటికన్నా అనువైనది కూడా ఈ ఆకే కావడం వల్ల, నిర్ణయం తీసుకోవలసినది ప్రధానంగా ఇక్కడే.

కత్తిరించిన కొమ్మలు, పుల్లలు, కాయల తొక్కలు, నిదానంగా కుళ్లే గట్టి ఆకులు రెండవ తరగతి. పెల్లెట్లకు, బయోచార్‌కు తగినవి ఇవే. క్రీడా రూపొందించిన బయోచార్ బట్టీ 200 లీటర్ల నూనె డ్రమ్ముతో తయారయ్యే తేలికపాటి పరికరం. పత్తి, కంది, ఆముదం, మొక్కజొన్న కట్టెను పరిమితమైన గాలిలో కాల్చి బొగ్గుగా మార్చడానికి దీనిని ఉద్దేశించారు. ఇలా మారిన కర్బనం నేలలో దశాబ్దాల తరబడి నిలుస్తుంది. పెల్లెట్ కర్బనాన్నంతా వేడిగా మారుస్తుంది, కంపోస్టు దానిని కొన్ని ఋతువులపాటు నేలకు అందిస్తుంది, బయోచార్ అందులో కొంత భాగాన్ని దీర్ఘకాలం దాచిపెడుతుంది. ఈ మూడింటి మధ్య తేడా విద్యార్థులు గుర్తించవలసిన అంశం.

రద్దీ రోడ్ల మీద ఊడ్చిన, ధూళి, ప్లాస్టిక్ కలిసిన ఆకు మూడవ తరగతి. వాహనాల ధూళిలోని భార లోహాల వల్ల ఇది కూరగాయల మడులకు తగదు, ఇంటి పొయ్యికి అసలే తగదు. దీనిని విడిగా సేకరించి పురపాలక శుద్ధి కేంద్రానికి పంపాలి.

రెండవ తరగతి ముడిసరుకుతో చేసిన పెల్లెట్లకు పాతబస్తీలో నిజమైన గిరాకీ ఇళ్లలో కన్నా బేకరీలలో, హోటళ్లలో, రంజాన్ మాసపు హలీం బట్టీలలో ఉండవచ్చును. హలీంకు గంటల తరబడి నిలకడైన మంట కావాలి, అందుకు నేటికీ కట్టెను విరివిగా వాడుతున్నారు. ఇటీవలి సంవత్సరాలలో రంజాన్ ఫిబ్రవరి, మార్చి మాసాల్లో, అంటే ఆకు రాలే కాలంలోనే వస్తున్నది. చాంద్రమానం వల్ల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరిగే ఈ కలయిక శాశ్వతం కాదు. అయినా పొయ్యి నమూనాలను పరీక్షించడానికి ఇది మంచి అవకాశం.

విస్తరణ సిబ్బందికి సూచనలు

పెల్లెట్ యూనిట్ పెట్టాలని కాలనీ సంఘాలు గానీ, స్వయం సహాయక సంఘాలు గానీ సలహా కోరినప్పుడు మొదట ముడిసరుకు నమూనాను 550 డిగ్రీల వద్ద కాల్చి బూడిద శాతం చూడాలి. 10 శాతం దాటితే జల్లింపు మెరుగుపరచాలి, లేదా రంపపు పొట్టు కలపాలి. అప్పటికీ తగ్గకపోతే ఆ ఆకు పెల్లెట్లకు పనికిరాదని చెప్పాలి. ఆకు రాలేది ఏడాదిలో మూడు, నాలుగు మాసాలే కాబట్టి మిగిలిన కాలంలో యంత్రానికి ఏ ముడిసరుకు దొరుకుతుందో ముందే తేల్చుకోవాలి.

బాయిలర్ బూడిదకు క్షార గుణం అధికం. ఆమ్ల గుణం గల ఎర్ర నేలల్లో దీనిని కొద్ది మోతాదులో వేయవచ్చును. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నల్లరేగడి నేలల్లో వేయరాదు. యూరియాతో గానీ, అమ్మోనియం ఎరువులతో గానీ, పచ్చి పేడతో గానీ కలిపితే నత్రజని అమ్మోనియా రూపంలో ఆవిరైపోతుంది. ప్లాస్టిక్ కలిసిన ఆకు బూడిదను ఏ నేలకూ సిఫారసు చేయరాదు.

ముగింపు

రాలిన ఆకుతో పెల్లెట్లు చేయడం సాధ్యమే, తగిన పొయ్యిలో అవి పొగ తక్కువగా మండడం కూడా నిజమే. వీధిలో కుప్పకు నిప్పు పెట్టడంతో పోల్చితే ఏ పెల్లెట్ అయినా మేలే. కానీ పోలిక అక్కడితో ఆగరాదు. సంవత్సరంలో అధిక భాగం ఎండ కాచే ప్రాంతంలో వేడి కొరత కాదు, నేలలో కర్బనం కొరత. మిద్దె మీద చోటు లేని అద్దె ఇళ్లకు, కట్టె వాడే బట్టీలకు కొమ్మలు, పుల్లలతో చేసిన పెల్లెట్లు ఉపకరిస్తాయి. శుభ్రమైన ఆకు మాత్రం మొదట పాదుకు, తరువాత కంపోస్టు గుంతకు, అక్కడ మిగిలినప్పుడే పొయ్యికి చేరాలి. విస్తరణ కార్యక్రమాలలో ఈ వరుసను పాటిస్తే నగరపు చెట్లు రాల్చిన ఆకు నగరపు నేలకే దక్కుతుంది.